రంపం మిషన్ నూనె దొంగ

ఇది నేను ఒక నూనె దొంగను పట్టుకోబోయి కులపంచాయితీ మధ్యలో నిలబడిన కథ. నష్టం ముందే చెప్పేస్తాను. ఒక మంచి మనిషితో మాటలు తెగాయి, రెండు ఊళ్ళలో నా పరువు పోయింది, ముగ్గురు పెద్దమనుషులు ఇళ్ళకు పోవడానికి చీకటి పడేదాకా ఆగవలసి వచ్చింది. వాళ్ళు ఎందుకు ఆగారో చివర్లో మీకే తెలుస్తుంది. ఇంత జరిగినా ప్రాణనష్టం లేదు. పోయిన ఒక్క ప్రాణం అంతకు ముందే పోయింది. అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

మల్లేశు నా స్నేహితుడు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, జమ్మలమడుగులో పాలవ్యాను నడిపేవాడు. ఆదివారం వస్తే పాత మోటారుసైకిల్‌కు ముళ్ళ టైర్లు వేసుకుని, వాళ్ళ తాతలు గొర్రెలు తోలిన కొండబాటలో తిరిగేవాడు. నేను అదే ఊళ్ళో బడిపంతులును. చర్చి అయ్యాక తెల్లచొక్కా మార్చుకుని అతని వెనక పోయేవాణ్ణి. తర్వాత ప్రొద్దుటూరు నుంచి, పులివెందుల నుంచి మరికొందరు కలిశారు. ఎందుకు తిరుగుతున్నారని అడిగితే మాలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. మల్లేశు మాత్రం, గొర్రెలు లేకుండా ఈ బాటలో పోతుంటే సెలవు పెట్టినట్టు ఉంటుందనేవాడు.

వాన పడిన ప్రతిసారీ బాటను కంపచెట్లు మూసేస్తాయి. ఆ ముళ్ళకు టైరూ ఒకటే, తొడా ఒకటే. అందుకని మల్లేశు ప్రొద్దుటూరులో ఒక పాత రంపం మిషన్ కొన్నాడు. పెట్రోలుతో నడుస్తుంది. పొడవాటి ఇనుప పలక చుట్టూ పళ్ళ చైను తిరుగుతుంది. దాన్ని తన నల్ల కంబళిలో చుట్టి బండి మీద కట్టుకుని, ఆగిన చోటల్లా కోసుకుంటూ ముందుకు పోయేవాడు.

కడప జిల్లాలో రంపం మిషన్ కట్టుకుని కొండల వైపు పోయేవాణ్ణి చూస్తే జనానికి ఏ చెట్టు గుర్తొస్తుందో మీకు తెలుసు. పోలీసులు ఆపడం, కంబళి విప్పించడం, కోసేది కంపచెట్లేనని మేము చెప్పడం, వాళ్ళు నమ్మకపోవడం, అన్నీ జరిగాయి. నేను చెప్పబోయేది ఆ అనుమానం గురించి కాదు. వాళ్ళు జీతం తీసుకుని అనుమానించారు. నేను ఉచితంగా అనుమానించాను.

ఒక భాద్రపదంలో మల్లేశు గుండెపోటుతో పోయాడు. బండి మీద కాదు, కొండ మీద కాదు, ఇంట్లో అన్నం ముందు కూర్చుని. కొండకు అవతల వాళ్ళ గొర్రెలమంద తోలే చోట సమాధి చేశారు. ఆ బాట నేరుగా అక్కడికే పోతుంది. దినాలు అయ్యాక అతని భార్య రంగమ్మ ఆ మిషన్‌ను కంబళితో సహా తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"సంవత్సరీకానికి మీరంతా బండ్లేసుకోని ఆ బాటనే రావాలన్నా. అంతవరకు మూసుకోని పోనీగాకు" అంది.

నేను సరేనన్నాను. నా దగ్గర అప్పటికి పుస్తకాలు తప్ప పనిముట్లు లేవు.

మల్లేశు తమ్ముడు కొండయ్య నాకు తోడొచ్చాడు. వాళ్ళ ఊరు సరిగ్గా కొండ మొదట్లో ఉంది. గొర్రెలు కాస్తాడు, కొంచెం సేద్యం ఉంది, మాట తక్కువ. ఇద్దరం ఒకే బండి మీద పోయేవాళ్ళం. నేను ముందు, అతను వెనక, మధ్యలో కంబళిలో చుట్టిన మిషన్. అత్తగారింటికి పసిబిడ్డను తీసుకుపోతున్న దంపతుల్లా ఉండేవాళ్ళం.

మెల్లగా పని నేర్చుకున్నాం. చైను పళ్ళను గుండ్రటి ఆకురాయితో రాయాలి, అన్నిటినీ ఒకే వాటంగా. చైను వదులైతే జారిపోతుంది, బిగిస్తే తిరగదు. ఆ మిషన్‌కు రెండు కడుపులు. ఒకదాంట్లో పెట్రోలు. రెండోదాంట్లో చైనును తడిపే నూనె. ఆ నూనె లేకపోతే చైను పొగలు కక్కి పలకకు పట్టుకుంటుంది. అంగట్లో దానికని అమ్మే నల్లనూనె మల్లేశు ఎప్పుడూ వాడలేదు. అది పడిన గడ్డిని గొర్రె ముట్టదని ప్రొద్దుటూరు గానుగ నుంచి వేరుశనగ నూనె తెచ్చి పోసేవాడు. మేమూ అదే పోశాం. చైను వేడెక్కితే కొండంతా బజ్జీల బండిలా వాసన వేసేది. ఒకసారి ఎక్కడో మేపుకుంటున్న కాపరులు ఇద్దరు ఆ వాసన పట్టుకుని మా దాకా వచ్చి, ఈడ బజ్జీలు ఎవరు వేస్తాండారని అడిగి, మిషన్‌ను చూసి, మమ్మల్ని చూసి వెళ్ళిపోయారు.

ఇక దొంగతనం సంగతి.

ఆదివారం పని అయ్యాక నూనె నిండుగా పోసి, మూత బిగించి, కంబళిలో చుట్టి మా ఇంట్లో మంచం కింద పడుకోబెట్టేవాణ్ణి. వచ్చే ఆదివారం తీసి చూస్తే నూనె సగానికి దిగిపోయి ఉండేది. మొదటిసారి నేనే మరిచిపోయాననుకున్నాను. రెండోసారి మంచం కింద వేలితో తడిమి చూశాను. నేల పొడిగా ఉంది. చుక్క కూడా కారలేదు. కారని నూనె ఎక్కడికి పోతుంది. మనిషి చేతికి పోతుంది.

నా చిన్నప్పుడు మా అమ్మ ఒక బైబిలు కథ చెప్పేది. అందులో ఒక పేదరాలి బుడ్డిలో నూనె ఎంత వాడినా తరగదు. నాది ఎవరూ వాడకుండానే తరిగింది. విశ్వాసంలో ఏదో లోపం ఉందని అప్పుడే తెలియాల్సింది.

మొదటి అనుమానం మా ఇంటామె మీద. సూటిగా అడగలేదు. ఈమధ్య దోసెలు బాగా వస్తున్నాయని మెచ్చుకున్నాను. పెళ్ళయ్యాక నేను దోసెలు మెచ్చుకోవడం అదే మొదలు. ఆమెకు వెంటనే అర్థమైంది.

"మిషన్లో నూనె వంచి దోసెలు పోస్తాండానని అనుకుంటాండావు గదా. పెట్రోలు వాసనొచ్చే దోసె తిన్నప్పుడు చెప్పు. ముందు నీ చొక్కా ఈపు చూసుకో. నూనె మరకలు. ఏ సబ్బుకూ పోవు" అంది.

చొక్కా వీపు మీద మరకలు నిజమే. అవి సబ్బు నాణ్యత పడిపోవడం వల్ల అని నిర్ణయించి సబ్బు మార్చాను.

తర్వాత ఆదివారం మిషన్‌ను మా ఇంట్లో కాకుండా కొండయ్య ఇంట్లో, అటక మీద పెట్టించాను. పోలీసుల బెడద తప్పుతుందని అతనికి చెప్పాను. అసలు కారణం చెప్పలేదు. వారం తిరిగేసరికి అక్కడా నూనె సగమే ఉంది.

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. మిషన్ మా ఇంట్లో ఉన్నప్పుడు నూనె పోయింది. కొండయ్య ఇంట్లో ఉన్నప్పుడూ పోయింది. బడిలో నా దగ్గర లెక్కలు నేర్చుకునే ఏ పిల్లవాడైనా రెండు చోట్లా ఉన్నది ఏమిటని అడుగుతాడు. నేను చదివిన పుస్తకాల బరువు వల్ల కాబోలు, నాకు అంత సులువైన ప్రశ్న తట్టలేదు. దొంగలు ఇద్దరని తేల్చాను.

అక్కడి నుంచి కొండయ్యను గమనించడం మొదలుపెట్టాను. అతని జుట్టు ఎప్పుడూ నిగనిగలాడుతుంది. ఒకరోజు నూనె మాట ఎత్తితే చెయ్యి పైకి పోయి తల తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటే, నూనె దొంగ తల కాక ఇంకేం తడుముకుంటాడు. పైగా అతని చొక్కా ముందు భాగమంతా నూనె మరకలు. నా చొక్కా వీపు మీద మరకలు ఎక్కడివో అప్పుడు తెలిసింది. బండి మీద వెనక కూర్చుని కునికేటప్పుడు దొంగనూనె రాసిన తల నా వీపుకు ఆనిస్తున్నాడు. సబ్బును అనవసరంగా తిట్టాను.

మా ఇద్దరి మధ్యలో, ఇద్దరికీ ఆనుకుని, కంబళిలో చుట్టిన మిషన్ కూర్చుని ఉంది. దాన్ని ఎవరూ అనుమానించలేదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినవాడికి కనీసం బిడ్డ తనదే. నేను దొంగను వీపుకు ఆనించుకుని ఊరంతా దొంగ కోసం వెతికాను.

వయసులో ఉన్నప్పుడు అద్దెకు తెచ్చుకుని చదివిన డిటెక్టివ్ నవలలు అప్పుడు అక్కరకొచ్చాయి. నా తల వెంట్రుక ఒకటి పీకి నూనె మూత మీద అడ్డంగా అంటించాను. మూత తిప్పితే తెగాలి. వారం తర్వాత చూస్తే వెంట్రుక చెక్కు చెదరలేదు. నూనె మాత్రం సగమే ఉంది. దీన్నిబట్టి మూత ఎవరూ తీయలేదని మీరనుకుంటారు. కొండయ్య కూడా అవే నవలలు చదివాడని నేననుకున్నాను. అతనికి చదువు రాదన్న సంగతి నాకు తెలుసు. అది కూడా నటనేమోనని ఒక వారం అనుమానించాను.

చివరి ఎత్తు ఆముదం. శ్రావణమాసంలో ఒక ఆదివారం వేరుశనగ నూనెలో సగానికి సగం ఆముదం కలిపి మిషన్లో పోశాను. దొంగ ఆ నూనెతో వండుకుంటే కడుపే సాక్ష్యం చెబుతుంది. మిషన్‌కు ఆముదం వల్ల నష్టమేమీ లేదు. ఆ మాటకొస్తే అంత నున్నగా ఎప్పుడూ తిరగలేదు.

తర్వాత ఆదివారం నేను పోయేసరికి కొండయ్య వాళ్ళ ఊరి టీ అంగడి ముందు బండ మీద ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది. నా గుండె సంతోషంతో కొట్టుకుంది. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"ఏంది కొండయ్యా, అట్ల ఉండావు" అన్నాను.

"కడుపు బాగల్యా సారూ. నిన్న గండి గుడికి పోయింటిమి. శనివారం గదా, జనం శానా. పులిహోర రొండుమూడు సార్లు తిన్యా. రాత్రంతా సెంబు చేతిలోనే."

"పులిహోర కాదులే. ఆముదం కలిసిన నూనె తింటే ఎవరికైనా అంతే."

"ఆముదం యాడిది?"

"నేనే కలిపినా."

"దేంట్లో?"

"మిషన్లో."

కొండయ్య కడుపు మీది చెయ్యి తీశాడు. అతనికి అర్థం కావడం నాకు కనిపిస్తూనే ఉంది.

"అంటే మా అన్న మిషన్లో నూనె నేను ఎత్తుకోని పోయి వండుకోని తింటాండానంటావు."

"నేనట్ల అనలేదు కొండయ్యా."

"అనల్యా. కలిపినావు."

అంతే. లేచి ఇంటికి పోయి మిషన్‌ను కంబళితో సహా తెచ్చి నా బండి పక్కన పెట్టాడు. గొర్రెల వైపు నడిచిపోయాడు.

తర్వాత నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. అదే వారం పెద్ద వాన పడి, రెండు బండల మధ్య బాట ఇరుకుగా ఉండే చోట ముదురు కంపచెట్టు ఒకటి కూలి అడ్డం పడింది. ఒకరు కొమ్మ లాగి పట్టుకుంటే తప్ప ఇంకొకరు కోయలేని చోటు అది. నేనొక్కణ్ణే పోయి చేతులు గీరుకుని తిరిగొచ్చాను. సంవత్సరీకం దగ్గర పడింది. ప్రొద్దుటూరు వాళ్ళు, పులివెందుల వాళ్ళు బాట ఎట్లా ఉందని అడుగుతున్నారు. రంగమ్మ దగ్గరికి పోవడం వాయిదా వేస్తూ వచ్చాను. ఆమే కబురు చేసింది. కొండయ్య కులపెద్దల దగ్గరికి పోయాడని, దొంగ అన్న మాట తేలకుండా సంవత్సరీకానికి రానన్నాడని, ముందు రోజు సమాధి దగ్గరే గద్దె వేస్తారని, మిషన్ తీసుకుని రమ్మని.

గద్దె అంటే వాళ్ళలో పాత ఆచారం. ఉతకని గొర్రె ఉన్నితో నేసిన నల్ల కంబళి పరిచి దాని మీద పెద్దలు కూర్చుంటారు. ఆ కంబళిని తాకి ఎవరూ అబద్ధం ఆడరు. ఆడితే మంద నిలవదంటారు.

నేను ముందు రోజు సాయంత్రమే నూనె నిండుగా పోసి, కంబళిలో చుట్టి, మా ఇంట్లో పెట్టుకుని, పొద్దున్నే బయల్దేరి, బాట మూసుకుపోయింది కనక కొండ చుట్టూ తిరిగి పోయాను. పంచాయితీకి పోతున్నాను కదా అని తెల్ల పంచె కట్టాను. మిషన్ వీపుకు కాకుండా వెనక సీటుకు కట్టాను. ఆ రోజు నా పంచె దక్కడానికి అదొక్కటే కారణం.

సమాధి పక్కన పెద్ద బండ ఉంది. పెద్దలు ముగ్గురొచ్చారు, ముగ్గురూ చలువ చేసిన తెల్ల పంచెల్లో. వాళ్ళలో వీరప్ప తాత పెద్ద. బండ మీద పులిబొమ్మ ఉన్న అంగడి దుప్పటి ఒకటి పరిచి ఉంది.

"ఇదేందిరా. గద్దెకు పులి ఏంది. గొర్రెలోల్లం మనం" అన్నాడు తాత.

అసలైన కంబళి ఇప్పుడు ఎవరింట్లోనూ లేదని తేలింది. రంగమ్మ నా బండి దగ్గరికి పోయింది. మిషన్‌ను విప్పి బండ మీద పెట్టి, మల్లేశు కంబళిని దులిపి పరిచింది. ఆ కంబళి చేతికి జిడ్డుగానే ఉండి ఉంటుంది. కానీ ఉతకని ఉన్ని ఎప్పుడూ జిడ్డే కదా. నల్లటి దాని మీద ఏం మరక కనిపిస్తుంది. ముగ్గురూ దాని మీద కూర్చున్నారు. ఎండ బాగా కాస్తోంది.

నన్ను చెప్పమన్నారు. నేను వెంట్రుక సంగతి, జుట్టు సంగతి, చొక్కా మరకల సంగతి, ఆముదం సంగతి వరసగా చెప్పాను. బడిలో పాఠం చెప్పినట్టే చెప్పాను. మధ్యలో వీరప్ప తాత రెండుసార్లు ముక్కు ఎగబీల్చాడు.

"ఎవురింట్లోనో బజ్జీలు వేస్తాండారు" అన్నాడు పక్కాయనతో. "బిన్నా తేల్చుదాం పా, అవి సల్లారకముందే."

నాకూ ఆ వాసన వస్తోంది. సమాధి దగ్గర ఇళ్ళు లేవు, మంద దగ్గర కొండయ్య వాళ్ళు వేసుకున్న పాక ఒక్కటే ఉంది. నా నూనెతో, నా పంచాయితీ జరుగుతుండగానే, పట్టపగలు వండిస్తున్నాడు. మనిషికి ఇంత తెగింపు ఉంటుందా అని విస్తుపోయాను.

తాత కొండయ్య వైపు తిరిగాడు. కొండయ్య ముందుకొచ్చి వంగి కంబళి అంచు మీద చెయ్యి పెట్టాడు.

"ఇది మా అన్న కప్పుకున్న కంబళి తాతా. మా అన్న పండుకోనుండేది ఆడ. నేను నూనె ముట్టల్యా. ఇంగేం చెప్పల్ల."

ఆ ఒక్క క్షణం నా వెంట్రుక సాక్ష్యం నాకే నమ్మబుద్ధి కాలేదు.

"నువ్వు మా గద్దె ముట్టబన్లే సారు. మీ దేవుని మింద చెప్పు సాలు" అన్నాడు తాత. "నూనె ఎప్పుడు పోసినావు?"

"నిన్న సాయంత్రం. నిండా పోసినా. మా ఇంట్లోనే ఉన్నింది. ఇప్పుడు చూడండి, ఎంత నిండుగా ఉందో."

కొండయ్య ఇంట్లో పెట్టకపోతే నూనె నిలుస్తుందని చూపించడం నా ఉద్దేశం. మూత తీశాను. సగమే ఉంది.

తాత తొంగి చూశాడు. "రాత్రి మీ ఇంటికి గూడా కొండయ్యే వచ్చినాడా?"

"లేదు. మా ఇంట్లో... అది వేరే దొంగ."

"శానామంది ఉండారే నీకు" అన్నాడు తాత.

తీర్పు చెప్పడానికి గద్దె మీద నుంచి లేవాలి. తాత లేచాడు. ఆయనతో పాటు కంబళి కూడా లేచింది, సగం దాకా. తర్వాత మెల్లగా పంచె నుంచి ఊడి బండ మీద పడింది. మిగతా ఇద్దరూ లేచారు. వాళ్ళదీ అదే గతి.

రంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తాతా, నీ యనకాల" అని ఆగిపోయింది.

వీరప్ప తాత చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వంగి కంబళి ఒక కొస పట్టుకుని పిండాడు. వేరుశనగ నూనె, ఆముదం కలగలిసి బండ మీదికి ధారగా కారింది. ఇన్నాళ్ళూ నేను పోసిందంతా ఆ ఉన్నిలోనే ఉంది. మిషన్‌ను పడుకోబెడితే కడుపులో నూనె చైను దారి పట్టుకుని మెల్లగా కారిపోతుంది. గొర్రె ఉన్ని చుక్క కింద పడనీయకుండా తాగేస్తుంది.

తాత నన్ను చూశాడు. "గద్దె మింద కూచుంటే నిజం బయటికొస్తాదని మా నాయన చెప్తాండె. ఇట్ల పంచెకంటుకోని వస్తాదని చెప్పల్యా."

మొదట నవ్వింది కొండయ్య. ఆ తర్వాత ఎవరు నవ్వారో నేను చూడలేదు. తల దించుకుని ఉన్నాను.

రంగమ్మ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకో దేనికో తెలియదు, అంది: "మా ఆయప్ప ఉన్నప్పుడు గూడా అంతే అన్నా. ఆ కంబళి కప్పుకుంటే దోమలు గూడా జారి పడ్తాయంటాండె."

"నాకు ఒక్క మాట చెప్పింటే..."

"నువ్వు అడగల్యా గదన్నా."

అడగలేదు. దోసెలను మెచ్చుకున్నాను, వెంట్రుక అంటించాను, ఆముదం కలిపాను. నూనె ఎందుకు తగ్గుతోందని మాత్రం ఎవరినీ అడగలేదు.

"బజ్జీలు యాడ?" అన్నాడు తాత హఠాత్తుగా. అప్పుడు అందరికీ అర్థమైంది. ఎవరూ వేయడం లేదు. వాసన ఆయన కూర్చున్న చోటునుంచే వచ్చింది. అంతసేపు ఆశపెట్టినందుకు, కొండయ్యను దొంగ అన్నందుకు, రెండు తప్పులకూ కలిపి తీర్పు ఒకటే చెప్పారు: మరుసటి రోజు సంవత్సరీకానికి వచ్చిన వాళ్ళందరికీ నేను నా చేతులతో బజ్జీలు వేయాలి. నూనె మిషన్లోది కాకూడదు. పెద్దలు ముగ్గురూ వెనకభాగం ఎవరికీ చూపకుండా బండకు ఆనుకుని, పొద్దు గుంకేదాకా అక్కడే కబుర్లు చెప్పుకున్నారు.

నేను కొండయ్య దగ్గరికి పోయి నిలబడ్డాను. అతను మిషన్ ఎత్తి బండి మీద పెట్టాడు.

"రా సారూ, పొద్దు ఉండంగనే కోద్దాం. కొమ్మ నేను పట్టుకుంటా. ఇంగ రాత్రిపూట దాని కింద గిన్నె పెట్టు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇరుకులో పడ్డ చెట్టు కోశాం. మర్నాడు బండ్లన్నీ ఆ బాటనే వచ్చాయి. రంగమ్మ కొండయ్య వెనక కూర్చుని వచ్చింది. బజ్జీలు బాగాలేవంటూనే అందరూ తిన్నారు.

ఇక నా ప్రతిజ్ఞ. ఏ ఇంట్లో, ఏ పాత్రలో, ఏ నూనె తగ్గినా ముందు కిందికి చూసి, తర్వాత నన్ను చూసుకుని, అప్పటికీ తేలకపోతే నోరు తెరిచి అడుగుతానే తప్ప మనిషి కడుపును సాక్ష్యానికి పిలవనని మల్లేశు సమాధి ముందు అందరూ వినేలా ప్రమాణం చేశాను. కంబళి మీద కూర్చుని చేయమన్నాడు వీరప్ప తాత. నిలబడే చేశాను. పంచె తెల్లది.